ఏడో అధ్యాయం: రెండు బొమ్మల మధ్య కథ

గండికోటకు వెళ్లినవాళ్లలో చాలామంది ఒకే ఫోటో తీసుకుని తిరిగొస్తారు. ఎర్రటి బండల అంచు, లోయ అడుగున పెన్నా, అవతలి గట్టు. చూసినవాళ్లు ‘అబ్బ, ఎంత బాగుంది!’ అని తర్వాతి ఫోటోకు వెళ్లిపోతారు. అందులో చోటు ఉంది, కథ లేదు.

ఇప్పుడు ఆ ఫోటో పక్కన ఇంకో బొమ్మ ఊహించుకోండి. అదే అంచు మీద ఒక గొర్రెల కాపరి నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, అవతలి గట్టుకు వినబడేలా కేక వేస్తున్నాడు. దాని పక్కన మూడో బొమ్మ: అవతలి గట్టు. అక్కడ ఎవరూ లేరు. ఒక్క మాట రాయకుండానే కథ మొదలైపోయింది. ఎవరిని పిలిచాడు? తప్పిపోయింది గొర్రెపిల్లా, కొడుకా? ఈ ప్రశ్నలు మూడు బొమ్మల్లో దేనిలోనూ లేవు. బొమ్మకూ బొమ్మకూ నడుమ ఉన్న ఖాళీలో, చూసేవాడి మనసులో పుట్టాయి.

కామిక్స్ కళ అంతా ఆ ఖాళీని నడపడంలో ఉంది. ఏ క్షణాన్ని గీయాలి, ఏ క్షణాన్ని పాఠకుడికి వదలాలి అన్నది తెలిసినవాడే బొమ్మలతో కథ చెప్పగలడు. చేయి ఎంత బాగా తిరిగినా ఈ ఎంపిక తెలియకపోతే పేజీ అందమైన బొమ్మల వరుసగా మిగిలిపోతుంది. ఎంపిక తెలిసినవాడు గీతల మనుషులతోనైనా కంటతడి పెట్టించగలడు. ‘నాకు బొమ్మలు రావు’ అని ఆగిపోయిన ప్రతి ఒక్కరికోసం ఈ అధ్యాయం రాస్తున్నాను. గండికోటనూ దాని చుట్టుపక్కల సీమనూ మన బడిగా చేసుకుందాం. ఈ గడ్డ మీద బొమ్మలతో కథ చెప్పడం కొత్త విద్య కాదు.

గోడల దగ్గర మొదటి పాఠం

గండికోటను ఏలిన పెమ్మసాని నాయకులు తాడిపత్రిలో చింతల వెంకటరమణస్వామి గుడి కట్టించారు. పెన్నా తాడిపత్రిని దాటుకునే గండికోటకు వస్తుంది. ఆ గుడి గోడల మీద రామాయణ, భాగవత ఘట్టాలు వరుసలు వరుసలుగా చెక్కి ఉన్నాయి. హంపిలోని హజారరామ ఆలయంలో రామాయణం మూడు వరుసల్లో గుడి చుట్టూ తిరుగుతుంది. కథ పూర్తిగా చదవాలంటే మూడు ప్రదక్షిణలు చేయాలి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ప్రదక్షిణ చేసేవాడికి గోడ కుడిచేతి వైపు ఉంటుంది. ఆగి గోడకేసి తిరిగితే, అతడు నడుస్తున్న దిక్కు ఎడమవైపు అవుతుంది. అంటే ఆ శిల్పాల కథ కుడి నుంచి ఎడమకు సాగుతుంది. జపాన్ వాళ్ల మాంగా పుస్తకాలు కూడా కుడి నుంచి ఎడమకే చదువుతారు. శిల్పి తన చేతి అలవాటును పక్కన పెట్టి, భక్తుడి నడకను బట్టి బొమ్మల వరుసను నిర్ణయించాడు. మీరు గీసే తెలుగు పేజీలో కన్ను ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి వెళ్తుంది. కాబట్టి ముందుగా మాట్లాడే పాత్ర ఎడమవైపు ఉండాలి, జవాబు చెప్పే పాత్ర కుడివైపు ఉండాలి. కుడివైపు పరుగెత్తే మనిషి కథను ముందుకు తీసుకుపోతున్నట్టు కనబడతాడు. ఎడమవైపు పరుగెత్తేవాడు ఎదురుగాలికి పోతున్నట్టు, వెనక్కి వస్తున్నట్టు కనబడతాడు. కాపరి కొడుకును వెతుక్కుంటూ వెళ్లేటప్పుడు కుడివైపు, నిరాశతో తిరిగొచ్చేటప్పుడు ఎడమవైపు నడిపించండి. పాఠకుడికి కారణం తెలియదు, తేడా మాత్రం తెలుస్తుంది.

రెండో పాఠం లేపాక్షిలో ఉంది. వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాల్లో కిరాతార్జునీయం వంటి కథలు పొడవాటి పట్టీలుగా సాగుతాయి. ఒకే పాత్ర ఒకే పట్టీలో మళ్లీ మళ్లీ కనబడుతుంది. మధ్యలో గీతలు గీసి గదులు చేయకపోయినా చూసేవాడు తికమక పడడు. పాత్ర రూపమూ వేషమూ ప్రతిచోటా నిలకడగా ఉండటంవల్ల ‘ఇతడే ఇందాకటి మనిషి, ఇప్పుడు ఈ పని చేస్తున్నాడు’ అని పోల్చుకుంటాడు. మీ పాత్ర ముక్కు, జుట్టు, తలపాగా మొదటి ఫ్రేములో ఎలా ఉన్నాయో ఇరవయ్యో ఫ్రేములోనూ అలాగే ఉండాలి. అందుకే కథ మొదలుపెట్టకముందే ప్రతి పాత్రనూ ఎదుటి నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఒక కాగితం మీద గీసి ఎదురుగా అంటించుకోండి.

క్షణాన్ని ఏరుకోవడం: టావెర్నియర్ చూసిన దృశ్యం

ఇప్పుడు గండికోటలోనే నిజంగా జరిగిన ఒక సంఘటనతో పేజీ కట్టి చూద్దాం. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్నాడు. అదే ఏడు ఫ్రెంచి రత్నాల వర్తకుడు జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్ అతణ్ని కలవడానికి ఇక్కడికి వచ్చాడు. గుడారంలో తను చూసినదాన్ని తన యాత్రాగ్రంథంలో రాసిపెట్టాడు. మీర్ జుమ్లా చెప్పులు లేకుండా మఠం వేసుకుని కూర్చున్నాడు. కాలివేళ్ల సందుల్లో కాగితాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో కాగితాలు. ఒకసారి కాలి నుంచి, ఒకసారి చేతి నుంచి ఒక్కో కాగితం తీస్తూ జవాబులు చెబుతున్నాడు, లేఖకులు రాసుకుంటున్నారు. ఇంతలో నలుగురు నేరస్థులను తెచ్చామని భటులు చెప్పారు. అరగంటకు పైగా అతడు పలకలేదు, తన పని తాను చేసుకుంటూనే ఉన్నాడు. తర్వాత హఠాత్తుగా వాళ్లను లోపలికి తెమ్మని, విచారించి శిక్షలు వేశాడు.

కొత్తగా గీసేవాళ్లు దీన్ని ఎలా గీస్తారు? ఒక పెద్ద బొమ్మలో గుడారం, మీర్ జుమ్లా, లేఖకులు, నేరస్థులు, టావెర్నియర్ అందరినీ నింపి, పైన ‘అరగంట గడిచింది’ అని రాస్తారు. అది సమాచారం. పాఠకుడు ఆ అరగంటను అనుభవించలేదు. చావు తప్పుతుందో లేదో తెలియక గుమ్మంలో నిలబడ్డ నలుగురికి ఆ అరగంట ఎంత పొడుగో అతడికి తెలియలేదు.

ఎనిమిది ఫ్రేముల్లో ఇలా చేసి చూడండి.

ఒకటి: దూరంగా కోట, ముందు గుడారాల వరుస. పేజీ వెడల్పంతా ఒకే ఫ్రేము.

రెండు: ఒక పాదం. వేళ్ల సందుల్లో నాలుగు కాగితాలు. ఇంకేమీ లేదు. పాఠకుడు ‘ఇదేమిటి?’ అనుకోవాలి.

మూడు: మీర్ జుమ్లా పూర్తిగా కనబడతాడు. ఎడమచేతి వేళ్లలోనూ కాగితాలు. పక్కన లేఖకుడు వంగి రాస్తున్నాడు.

నాలుగు: గుడారం గుమ్మం. భటుడి వెనక నలుగురు మనుషులు. భటుడి మాట ఒక్కటే బెలూన్‌లో.

ఐదు: మూడో ఫ్రేములాగే, అచ్చం అదే కోణం. మీర్ జుమ్లా తల ఎత్తలేదు. కాలివేళ్లలో రెండు కాగితాలే మిగిలాయి.

ఆరు: గుమ్మం దగ్గర నేల మీద నాలుగు జతల పాదాలు. వాటి నీడలు ఇందాకటికంటే పొడవుగా సాగాయి.

ఏడు: మళ్లీ అదే కోణం. ఒకే కాగితం.

ఎనిమిది: మీర్ జుమ్లా కళ్లు మాత్రమే. మొదటిసారి పైకి ఎత్తాడు.

శిక్ష ఏమిటన్నది పేజీ తిప్పాక తెలియాలి. అందుకని ఈ పేజీ పుస్తకంలో కుడివైపు పడేట్టు చూసుకోండి. కుడి పేజీ చివరి ఫ్రేము పాఠకుడి వేలి కింద ఉంటుంది. ఉత్కంఠ అక్కడే ఆగాలి, సమాధానం తిప్పిన తర్వాతి పేజీలో ఉండాలి. ఎడమ పేజీ చివర ఉత్కంఠ పెడితే కన్ను పక్క పేజీలోకి ముందే దొంగచూపు చూసేస్తుంది.

కాగితాలు తగ్గుతూ పోవడం, నీడలు సాగడం టావెర్నియర్ రాసినవి కావు. అరగంటను కంటికి చూపించడానికి మనం కల్పించుకున్న ఉపాయాలు. చరిత్రను గీసేటప్పుడు జరిగినదానికీ కల్పించినదానికీ మధ్య గీత ఎక్కడుందో మీకు తెలిసి ఉండాలి. జరిగినదాన్ని మార్చకండి. జరిగినది కంటికి అందేలా చేసే మార్గం మాత్రం మీ సొంతం. ఇక్కడ మనం చేసిన అసలు పని అదే కోణాన్ని మూడుసార్లు తిరిగి గీయడం. మార్పు లేని బొమ్మలో చిన్న మార్పు పెద్దగా కనబడుతుంది. కామిక్స్‌లో కాలాన్ని కొలిచే గడియారం ఇదే.

చూపించనిది

తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి 1957లో ‘మాయాబజార్’ తీశారు. పాండవుల వనవాసం చుట్టూ అల్లిన కథ అది. అయినా పాండవులు అయిదుగురిలో ఒక్కరూ తెర మీద కనబడరు. ఇన్నేళ్లుగా ఆ సినిమా చూస్తున్న కోట్లమందికి ఆ లోటు తెలియలేదు. అభిమన్యుడు ఉన్నాడు, సుభద్ర ఉంది, ఘటోత్కచుడు ఉన్నాడు. వాళ్ల మాటల్లో, వాళ్ల అవమానంలో, పంతంలో పాండవులు ఉన్నారు. అక్కర్లేనిదాన్ని వదిలేయగల ధైర్యం దర్శకుడికి ఉంది కాబట్టి కావలసిన పాత్రలకు చోటు దొరికింది.

కామిక్స్‌లో ఈ వదిలేయడం ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య జరుగుతుంది. అమెరికన్ చిత్రకారుడు స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో కామిక్స్ పనితీరును కామిక్స్ రూపంలోనే వివరిస్తూ ఒక పుస్తకం రాశాడు. ఫ్రేము నుంచి ఫ్రేముకు దూకే తీరులను ఆరు రకాలుగా విడగొట్టాడు. మీకు మొదట్లో నాలుగు చాలు. కాపరి కథతోనే చూద్దాం. కాపరి నోరు తెరవడం, పక్క ఫ్రేములో కేక వేయడం: ఇది క్షణం నుంచి క్షణానికి దూకు. కర్ర అందుకోవడం, పక్క ఫ్రేములో లోయలోకి దిగుతుండటం: పని నుంచి పనికి. లోయలో కాపరి, పక్క ఫ్రేములో ఊళ్లో పొయ్యి ముందు కూర్చుని గుమ్మం వైపు చూస్తున్న భార్య: చోటు నుంచి చోటుకు. బండ మీద పాకే తొండ, ఎండిన తుమ్మకొమ్మ, నీళ్లలో మేఘం: ఒకే చోట చూపు నుంచి చూపుకు. ఈ చివరిదానిలో కాలం నిలిచిపోతుంది. ఎదురుచూపును, ఒంటరితనాన్ని చెప్పాలంటే దీన్ని వాడండి. జపాన్ మాంగా రచయితలు దీన్ని విరివిగా వాడతారు.

ఒక్క జాగ్రత్త. దూకు మరీ చిన్నదైతే పాఠకుడికి విసుగు, మరీ పెద్దదైతే దారి తప్పుతాడు. మీ పేజీని ఆ కథ తెలియని మనిషికి మాటలు మూసి చూపించి, ఏం జరిగిందో చెప్పమనండి. అతడు తడుముకున్నచోట ఒక ఫ్రేము తక్కువైంది. మీకంటే ముందే చెప్పేసినచోట ఒక ఫ్రేము ఎక్కువైంది.

దగ్గర, దూరం, ఎత్తు

గండికోట నేర్పే మరో విద్య కొలత. లోయను ఎంత వివరంగా గీసినా దాని లోతు పాఠకుడికి అందదు. అంచు మీద గోరంత మనిషిని పెట్టండి, లోయ ఒక్కసారిగా లోతెక్కుతుంది. పెద్దదాన్ని చూపించాలంటే పక్కన చిన్నది ఉండాలి.

కోటలో ధాన్యాగారం లోపలికి వెళ్లి నిలబడండి. బయట మండే ఎండ, లోపల చీకటి, ఆ చీకట్లో గుమ్మం ఒక తెల్లటి ముక్క. అక్కడి నుంచి ఒక మనిషి బయటికి నడిస్తే అతడు నల్లటి ఆకారం మాత్రమే. తెలుపు నలుపులతో పనిచేసే చిత్రకారుడికి దీన్ని మించిన పాఠశాల లేదు. సిరా ఎక్కడ నింపాలో, ఎక్కడ కాగితాన్ని అలాగే వదలాలో ఎండే చెబుతుంది. పక్కనే జామియా మసీదు, కొంచెం దూరంలో మాధవరాయస్వామి గుడి గోపురం. మినారూ గోపురమూ రెండూ పట్టేట్టు ఒక్క ఫ్రేము పెడితే, ఈ కోట ఎన్ని చేతులు మారిందో ఎన్ని ప్రార్థనలు విన్నదో ఒక్క అక్షరం లేకుండా చెప్పినట్టే.

ప్రతి కొత్త సన్నివేశానికీ మూడు కొలతలు వాడటం అలవాటు చేసుకోండి. ముందు దూరం నుంచి చోటు, తర్వాత మధ్యస్థంగా మనుషులు, చివరికి దగ్గరగా ముఖమో చేయో. ఈ వరుస చేతికి వచ్చాక తిప్పి చూడండి. టావెర్నియర్ పేజీ రెండో ఫ్రేములో మనం మనిషికంటే ముందే పాదం చూపించాం. ఆశ్చర్యం కావాలనుకున్నప్పుడు వివరం ముందు, చోటు తర్వాత. కోణం విషయంలో కూడా కారణం ఉండాలి. కింది నుంచి చూస్తే మనిషికి అధికారం వస్తుంది, పైనుంచి చూస్తే మనిషి నలిగిపోయినట్టుంటాడు. కారణం లేకుండా కోణాలు మారిస్తే పాఠకుడికి తల తిరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

నీడలో కూడా తెలియాలి

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పలచగా, వెలుగు చొరబడేలా తయారుచేసి, అవయవాలు విడిగా కోసి దారంతో ముడివేసి, రంగులు పూసి, తెర వెనక దీపం పెట్టి ఆడిస్తారు. పల్లె జనం దూరంగా నేల మీద కూర్చుని చూసే ఆట అది. బొమ్మ తెర మీదికి వచ్చిన క్షణంలోనే ఎవరో తెలిసిపోవాలి. పది తలలు కనబడగానే రావణుడు, తోక కనబడగానే హనుమంతుడు, ఎగుడుదిగుడు ఆకారంతో కేతిగాడు రాగానే నవ్వు. ముఖాలు చాలావరకు పక్కచూపుగా ఉంటాయి. ముక్కు, నుదురు, గడ్డం తీరు అలా చూసినప్పుడే స్పష్టంగా తెలుస్తాయి.

మీ పాత్రలకూ ఈ పరీక్ష పెట్టండి. పాత్రలన్నిటినీ ఒక వరుసలో గీసి, లోపలంతా నల్లసిరాతో నింపేయండి. కళ్లూ ముక్కూ బట్టలూ పోయాక ఎవరు ఎవరో గుర్తుపట్టగలిగితే పాత్రలు సిద్ధమైనట్టు. గుర్తుపట్టలేకపోతే ముఖాలు దిద్దడం మానేసి ఆకారం మార్చండి. జేజికి (అవ్వకు) నడుం వంగనివ్వండి, చేతికి కర్రనివ్వండి. పిల్లవాడికి పెద్ద తల, వదులు చొక్కా ఇవ్వండి. కాపరికి భుజం మీద గొంగడి ఇవ్వండి.

తోలుబొమ్మ ముఖం మారదు. కోపమైనా దుఃఖమైనా చేతులతో, ఒంటి ఊపుతో చెబుతుంది. అందుకే ముఖాలు గీయడం రాని కొత్తవాళ్లకు నేను మొదట చేతులు గీయమంటాను. భయం ముఖంలోకంటే ముందు వేళ్లలో కనబడుతుంది.

బెలూన్‌లో తెలుగు

ఇంగ్లిషు కామిక్స్ చూసి బెలూన్ గీయడం నేర్చుకున్నవాళ్లు తెలుగు దగ్గర ఇబ్బంది పడతారు. వాళ్ల పెద్దక్షరాలు ఒకే ఎత్తులో ఉంటాయి, వరుసలు దగ్గరగా పేర్చవచ్చు. మన అక్షరానికి పైన గుడులూ ఏత్వాలూ, కింద ఒత్తులూ ఉంటాయి. వరుసల మధ్య దూరం పెంచకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తగులుతుంది. మన మాటలు కలిసిపోయి పొడవవుతాయి కాబట్టి సన్నటి బెలూన్‌లో ఒక్క మాట కూడా పట్టదు. అందువల్ల ఎప్పుడూ ముందు మాట రాయండి, దాని చుట్టూ బెలూన్ గీయండి, మిగిలిన చోటులో బొమ్మ వేయండి. మాటను సగంలో విరిచి కింది వరుసకు దించకండి. బెలూన్‌కు పది పన్నెండు మాటలు దాటితే రెండు బెలూన్లు చేయండి.

మాట చిన్నదిగా ఉండాలంటే మనుషులు నిజంగా మాట్లాడే తెలుగు రాయాలి. ‘నీవు ఎక్కడికి వెళ్లుచున్నావు?’ అనే బెలూన్ చోటు తింటుంది, పాత్రకు ప్రాణం మాత్రం పోయదు. జమ్మలమడుగు పిల్లవాడు ‘యాడికి పోతాండావు జేజీ?’ అంటాడు. అది చోటును ఆదా చేస్తుంది, ఊరిని చూపిస్తుంది, జేజికీ మనవడికీ ఉన్న చనువును కూడా చెప్పేస్తుంది. మనకు శబ్దాల మాటల కొరత కూడా లేదు. బండ దొర్లితే దడదడ, నీళ్లు పడితే జలజల, తలుపు పడితే దభీమని. పరాయి భాషల శబ్దాలను తెచ్చి తెలుగు లిపిలో రాయకండి. శబ్దాన్ని అక్షరాల పరిమాణంతో, వంపుతో గీయండి. లోయలోకి పడే కేక అక్షరం అక్షరానికీ చిన్నదవుతూ పోతే ప్రతిధ్వని కంటికి వినబడుతుంది.

బొమ్మ చెప్పినదాన్ని మాట మళ్లీ చెప్పకూడదు. కాపరి ఏడుస్తున్న బొమ్మ మీద ‘కాపరి ఏడ్చాడు’ అని రాస్తే రెండిట్లో ఒకటి దండగ. బొమ్మలో అతడు గొర్రెలను లెక్కపెడుతుండగా, మాటలో ‘వానికి అన్నం మూసిపెట్టినావా?’ అని భార్యను అడిగితే, పాఠకుడి గుండె అక్కడ పట్టుకుంటుంది.

మీ ఊరి కథను ఏరుకోండి

కొత్తవాళ్లు చాలామంది ఎగిరే వీరులతో, పరాయి నగరాలతో మొదలుపెడతారు. మీకు తెలిసిన వీధిని గీస్తే మీ బొమ్మకు బలం వస్తుంది. గోడకు పేర్చిన నాపరాయి ఎలా ఉంటుందో, నల్లరేగడిలో పప్పుశనగ చేను ఎలా కనబడుతుందో, చీనీ తోటకు నీళ్లు కట్టే మనిషి పంచె ఎలా ఎగగడతాడో మీకు తెలుసు, ఎక్కడో ఉన్న గొప్ప చిత్రకారుడికి తెలియదు. మర్జాన్ సత్రపి తన ఇరాన్ బాల్యాన్ని సాదా నలుపు తెలుపు గీతల్లో ‘పెర్సెపోలిస్’గా 2000 నుంచి వెలువరిస్తే ప్రపంచమంతా చదివింది. గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అంబేద్కర్ జీవితాన్ని 2011లో ‘భీమాయన’గా గీశారు. పాత్రలను చతురస్రపు గదుల్లో బంధించలేదు, తమ ఇళ్ల గోడల మీద వేసే ముగ్గుగీతలతో పేజీని విభజించారు. మంచి మాటలకు పక్షి ఆకారపు బెలూన్, విషపు మాటలకు తేలు కొండి ఉన్న బెలూన్ పెట్టారు. తోలుబొమ్మలూ లేపాక్షి పైకప్పూ ఉన్న సీమవాసికి ఇలాంటి సొంత తీరు కనిపెట్టడానికి ఎంత సరుకు ఉందో ఆలోచించండి.

కథలు ఎక్కడ దొరుకుతాయి? రెండు వందల ఏళ్ల కిందట కాలిన్ మెకంజీ ఊరూరా సేకరింపజేసిన కైఫియత్తులు ఉన్నాయి. కడప జిల్లా కైఫియత్తులను కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చువేసింది. ఒక్కో ఊరి కైఫియత్తులో చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎలా వచ్చింది, ఎవరు ఎవరితో తగువు పడ్డారు అన్న సంగతులు ఉంటాయి. ఇంకా దగ్గరి కథలూ ఉన్నాయి. 2020లో గండికోట జలాశయంలో నీటిమట్టం పెంచినప్పుడు కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు మునిగింది. ఇల్లు వదిలి వచ్చిన పెద్దవాళ్లు ఆ వీధులను ఇంకా ఇంటింటికీ గుర్తుపెట్టుకుని ఉన్నారు. ఒరిజిత్ సేన్ 1994లో నర్మదా లోయ ప్రజల పోరాటాన్ని ‘రివర్ ఆఫ్ స్టోరీస్’గా గీస్తే అది భారతీయ గ్రాఫిక్ నవలలకు దారి తీసింది. పెన్నా లోయ కథ ఇంకా మీ చేతుల్లోనే ఉంది. వెళ్లి కూర్చుని వినండి, అనుమతి అడిగి రాసుకోండి, వాళ్లు చూపించిన చోటునే గీయండి.

ఆరు వారాల సాధన

ఖరీదైన ట్యాబ్లెట్ కోసం ఆగకండి. తెల్ల కాగితాలు, పెన్సిల్, నల్ల పెన్ను చాలు.

మొదటి వారం చూడటానికి. దగ్గర్లోని గుడి గోడనో, ‘చందమామ’ పాత సంచికనో, బుజ్జాయి బొమ్మల కథనో తీసుకోండి. 1947 జులైలో ‘చందమామ’ను మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన బి.నాగిరెడ్డి కడప జిల్లా మనిషి. దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు బుజ్జాయి తెలుగులో కామిక్స్‌కు బాట వేసినవాడు, పంచతంత్రాన్ని బొమ్మల కథగా దేశమంతటికీ అందించినవాడు. ప్రతి బొమ్మ దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ క్షణాన్నే ఎందుకు గీశారు?

రెండో వారం విప్పడానికి. ‘మాయాబజార్’లో మీకు నచ్చిన ఒక సన్నివేశాన్ని ఆపుతూ ఆపుతూ చూడండి. ప్రతి షాట్‌కూ అగ్గిపెట్టెంత గడిలో గీతల మనుషులతో బొమ్మ వేయండి. దర్శకుడు ఎప్పుడు దగ్గరికి వెళ్లాడో ఎప్పుడు దూరం జరిగాడో మీ చేతికే తెలుస్తుంది. బాపు తన సినిమాలకు ముందుగా కాగితం మీద ఫ్రేము ఫ్రేమూ గీసుకునేవారు. మీరు అదే దారిలో వెనక నుంచి నడుస్తారు.

మూడో వారం మూడు ఫ్రేముల కథలు. రోజుకొకటి, మాటలు లేకుండా. మూడో ఫ్రేము మొదటి రెండిటి అర్థాన్ని మార్చాలి.

నాలుగో వారం పాత్రలు. నీడ పరీక్ష పాసయ్యేదాకా ఆకారాలు మార్చండి. తర్వాత ఒక్కో పాత్రనూ కోపంలో, సిగ్గులో, అలసటలో ముఖం లేకుండా ఒంటితోనే గీయండి.

ఐదో వారం ఒకే పేజీ. కథను ముందు ఒక్క వాక్యంలో రాయండి. దాన్ని మూడు వేర్వేరు తీరుల్లో చిన్న గడుల్లో వేసి చూడండి. మూడిట్లో ఏది బాగుందో ఇంకొకరిని అడిగి, అదే పెద్దగా గీయండి.

ఆరో వారం నాలుగు పేజీల కథ. మొదటి పేజీ కుడివైపు వస్తుంది. దాని చివర ప్రశ్న, తిప్పాక జవాబు. గీసి, సిరా వేసి, మాటలు రాసి, జిరాక్స్ తీయించి, కుట్టి, పది మందికి పంచండి. అచ్చయిన కాగితం మీద మీ తప్పులు మీకే కనబడతాయి. ఎవరైనా ఏ ఫ్రేము దగ్గర ఆగారో, ఏ పేజీ గబుక్కున తిప్పేశారో పక్కన కూర్చుని గమనించండి. అంతకు మించిన గురువు మీకు దొరకడు.

ఈ ఆరు వారాల్లో మీ గీత గొప్పగా మారకపోవచ్చు. మీ కన్ను మాత్రం తప్పక మారుతుంది. ఒక సంఘటన విన్నప్పుడు ‘దీన్ని ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది వదలాలి, ఏ ఫ్రేము దగ్గర పేజీ తిప్పించాలి’ అని ఆలోచించడం మొదలవుతుంది. ఆ ఆలోచన వచ్చిననాడు మీరు కథకులైనట్టే. గీత దాని వెనకే వస్తుంది, ఎందుకంటే అప్పుడు మీ చేతికి చేయవలసిన పని ఏమిటో తెలుస్తుంది.

సీమ గోడల మీద కథలు చెక్కినవాళ్లలో చాలామంది పేర్లు మనకు మిగల్లేదు. వాళ్లు చెప్పిన కథలు మాత్రం ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఈ తరం కథలు గీయవలసింది మీరే. పుస్తకం మూసి, ఒక కాగితం తీసి, దాన్ని ఆరు గడులుగా మడవండి. మొదటి గడిలో మీ ఊరిని గీయండి. మిగిలిన అయిదూ ఈ వారంలోనే పూర్తి చేయండి.